ఆకుచాటు వాక్యం: సటీకా తాత్పర్యం

అవతారిక. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనవాడే. మెతుకుసీమలో కొల్చారం ఆయన ఊరు. ఆ ప్రతిజ్ఞలో రెండు సగాలూ నేను తప్పబోతున్నాను. నా చేతికొచ్చిన మూలంలో ఉన్నదాని కంటే లేనిదే ముఖ్యం. ఇక అక్కర్లేని మాటలంటారా, సిరోంచలో పుట్టినవాడికి మూడు భాషల్లో అక్కర్లేని మాటలు వచ్చు.

ప్రతి దొరికిన చోటు. సిరోంచలో బస్సులు ఆగే చోటికి నాలుగడుగుల దూరంలో ఒక పాన్ ఠేలా. బోర్డు మరాఠీలో, బేరం తెలుగులో. అడవి పల్లెల నుంచి సంతకొచ్చినవాళ్లు తమలో తాము గోండిలో గుసగుసలాడుకుంటారు. ఠేలావాడు ఖర్రా చేస్తున్నాడు. విదర్భ దాటితే ఖర్రా తెలియనివాళ్లుంటారు కాబట్టి చెప్పాలి. కత్తిరించిన పోకపలుకులు, జర్దా, తడి సున్నం మూడూ ప్లాస్టిక్ కాగితంలో వేసి మడిచి, చెక్కపీట మీద పెట్టి అరచేత్తో రుద్దుతాడు. రుద్దుతూనే ఉంటాడు. తెల్లటి సున్నం కాసేపటికి బూడిదరంగుకు తిరుగుతుంది, ఇంకాసేపటికి అసలు కనిపించదు. పలుకులు ఎర్రబారి తడిగా మెరుస్తాయి. అప్పుడు ప్లాస్టిక్ మూతి మెలిపెట్టి రబ్బరుబ్యాండు వేస్తాడు. పీట కదలకుండా దాని కింద ఒక తెలుగు పత్రిక మడిచి పెట్టాడు. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు నుంచి వచ్చిన పత్రిక. సున్నపు చుక్కల నడుమ ఒక వాక్యం కంటబడింది. ఆ ముక్క చింపి ఇమ్మన్నాను.

"గదెందుకు సారూ, మరకలు వడ్డది. కొత్త పేపరిస్త తీస్కో."

"మరకలున్నదే కావాలె."

ఎగాదిగా చూసి చింపిచ్చాడు. ఊరూరా తిరిగి తాటాకులు అడుక్కున్న పాత పండితులను కూడా జనం ఇలాగే చూసి ఉంటారు.

మూలం. "బాధ్యతగల పరిశ్రమగా, చట్టాన్ని గౌరవిస్తూనే, లక్షలాది రైతుల, కూలీల, ఆదివాసీ మహిళల జీవనోపాధిని దృష్టిలో ఉంచుకొని, వయోజనుల ఎంపిక స్వేచ్ఛకు భంగం కలగకుండా, తగిన శాస్త్రీయ అధ్యయనం జరిగేవరకు, అందరితో సంప్రదింపుల ద్వారా సమతుల్య విధానం రూపొందించాలని కోరడమైనది."

కర్తృవిచారం. ఈ వాక్యం ఎవరిది? కంపెనీ పేరో సంఘం పేరో ఉండాల్సిన చోట వేలెడంత సున్నం మరక ఉంది. నష్టమేమీ లేదు. ఇలాంటి వాక్యాలు అపౌరుషేయాలు. వీటిని ఎవరూ రాయరు, ఎవరికో దర్శనమవుతాయి. వేదమంత్రానికి ఋషి, ఛందస్సు, దేవత, వినియోగం చెప్పడం ఆచారం గనుక దీనికీ చెబుతాను. ఋషి జాన్ హిల్, హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ అధిపతి. 1953 డిసెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అమెరికా సిగరెట్ కంపెనీల పెద్దలు సమావేశమై ఈయన్ని ఆశ్రయించారు. 1954 జనవరి 4న నాలుగు వందలకు పైగా పత్రికల్లో ఒకే ప్రకటన వెలువడింది. జనం ఆరోగ్యమే మాకు ముఖ్యం, మా సరుకు హానికరమని మేము నమ్మడం లేదు, అయినా పరిశోధన చేయిస్తాం అన్నది దాని సారాంశం. ఛందస్సు పత్రికా ప్రకటన. దేవత సందేహం. ఇది నా చమత్కారం కాదు. తాము తయారుచేసే సరుకు సందేహమేనని 1969లో ఒక అమెరికన్ సిగరెట్ కంపెనీ తన లోపలి కాగితంలో రాసుకుంది. వినియోగం అమ్మకాల సంరక్షణార్థం.

ఇంకో చమత్కారం కూడా ఉంది. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని 1950లో లండన్లో రిచర్డ్ డాల్‌తో కలిసి లెక్కగట్టి చూపినవాడి పేరూ హిల్లే, బ్రాడ్‌ఫర్డ్ హిల్. ఒక హిల్ నిరూపించాడు, ఇంకో హిల్ సందేహించాడు. ఒకే శబ్దానికి రెండర్థాలు గనుక ఇది శ్లేష.

ఇక టీక.

బాధ్యతగల = బాధ్యత కలిగినట్టి. ఎవరి పట్ల అనేది అధ్యాహార్యం, అంటే చదివేవాడే తెచ్చి పూరించుకోవాలి. 1994 ఏప్రిల్ 14న అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు ఏడు పొగాకు కంపెనీల అధిపతులు కుడిచేతులెత్తి ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగిస్తుందని తాము నమ్మడం లేదని వరసగా చెప్పారు. అదీ బాధ్యతే, వాటాదారుల పట్ల.

పరిశ్రమగా = ఏ పరిశ్రమ? కాగితాన్ని వెలుగుకు అడ్డంపెట్టి చూశాను. మూలమంతా గాలించినా పొగాకు అన్న మాట లేదు. ఇది లోపసంధి. దీనికి మన దేశంలో చక్కని ఉదాహరణ ఉంది. 1910లో కలకత్తాలో పుట్టినప్పుడు ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా. 1970లో ఇండియా టొబాకో కంపెనీ. 1974లో మూడు పొడి అక్షరాలు, మధ్యన చుక్కలు. 2001లో చుక్కలు కూడా పోయి ఐటీసీ. మొదట ఇంపీరియల్ పోయింది, మంచిదే. తర్వాత టొబాకో పోయింది. చివరికి ఇదేదో పొడి అక్షరమని గుర్తుచేసే చుక్క కూడా పోయింది. అమెరికాలో ఫిలిప్ మోరిస్ కంపెనీస్ 2003లో ఆల్ట్రియాగా మారడం కూడా ఇదే సంధి. వ్యాకర్త చిన్నయసూరిగారు ఉంటే దీనికో సూత్రం రాసేవారు: పేరులోని పొగకు లోపంబు బహుళంబుగానగు.

చట్టాన్ని గౌరవిస్తూనే = ఇందులో "నే" అవధారణార్థకం. దాని తర్వాత ఏదో రాబోతోందని అర్థం. వచ్చినదేమిటో వినండి. పొగాకు, నికోటిన్ ఏ ఆహారపదార్థంలోనూ కలపరాదని 2011లో ఆహార భద్రతా నిబంధనల్లో ఒక వాక్యం చేరింది. దాని ఆధారంగా మహారాష్ట్ర 2012 జూలైలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013 జనవరిలో గుట్కాను నిషేధించాయి. ఇప్పుడు వ్యాకరణం చూడండి. గుట్కా అనేది ద్వంద్వ సమాసం. దాని విగ్రహవాక్యం "పాన్ మసాలాయును, జర్దాయును". చట్టం నిషేధించింది సమాసాన్ని. అందుకని వ్యాపారులు సమాసం అమ్మడం మానేసి విగ్రహవాక్యం అమ్మారు. ఒక పొట్లంలో పాన్ మసాలా, పక్కనే ఇంకో పొట్లంలో జర్దా. సంధి ఎవడి నోట్లో వాడు చేసుకోవాలి. పరవస్తు చిన్నయసూరి తర్వాత తెలుగువాళ్ల చేత ఇంత వ్యాకరణం చేయించినవాళ్లు లేరు.

ఖర్రాలోనైతే కంపెనీ శ్రమ కూడా లేదు, ఠేలావాడి అరచేతిలోనే సంధికార్యం ముగుస్తుంది. మహారాష్ట్ర ఏటా పొడిగించే నిషేధపుటాజ్ఞల్లో ఖర్రా పేరు కూడా ఎక్కింది. ఎక్కిన సంగతి ఠేలావాడికి తెలుసు. నాకు చెప్పినవాడు వాడే.

ఈ మాటకే చెందిన అలంకారం అపహ్నుతి. ఇది ముఖం కాదు, చంద్రుడు అన్నట్టు, ఉన్నదాన్ని కాదని లేనిదాన్ని నిలబెట్టడం. పొగాకు ప్రకటనలను 2003 నాటి కోట్పా చట్టం ఐదో సెక్షన్ నిషేధించింది. ఆ తర్వాత బొంబాయి సినిమా హీరోలకు ఒక్కసారిగా ఏలకుల మీద భక్తి పుట్టింది. ఇది జర్దా కాదు, ఏలకులు. పేరు అదే, అక్షరాల వంపు అదే, పొట్లం రంగు అదే. ఒక్క ఏలకు గింజ అమ్మడానికి ఇంత ఖర్చా అని మా ఊరి కిరాణా కోమటి ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు. పాపం, ఆయన అలంకారశాస్త్రం చదువుకోలేదు.

లక్షలాది రైతుల, కూలీల, ఆదివాసీ మహిళల జీవనోపాధిని = మూలమంతటికీ ఆయువుపట్టు ఇదే గనుక ఇక్కడ కొంచెం నిదానిస్తాను. గంగలో గొల్లపల్లె అంటే నీళ్లలో అని కాదు, గంగ ఒడ్డున అని ఆలంకారికులు లక్షణకు ఉదాహరణ చెబుతారు. మావైపు సిరోంచ ప్రాణహితలో ఉంది అనవచ్చు, వరదల నాడు అది వాచ్యార్థమే అయినా. లక్షణ కుదరాలంటే ముందు ముఖ్యార్థం చెల్లకుండా పోవాలి. రైతు అన్న మాటకు ముఖ్యార్థం రైతు. అది ఇక్కడ ఎందుకు చెల్లదంటే, 2025లో బాపట్ల, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో బర్లీ పొగాకు ఇళ్ల ముందు గుట్టలు పడి, కొనేవాళ్లు మొహం చాటేశారని రైతులు రోడ్డెక్కారు. ఆంధ్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను దింపి కొనిపించాల్సి వచ్చింది. రైతు జీవనోపాధిని దృష్టిలో ఉంచుకున్న కళ్లు ఆ నెలల్లో ఎటు చూస్తున్నాయో! కాబట్టి ఇక్కడ రైతు అంటే రైతు కాదు. రైతు ఒడ్డున ఉన్నవాడు.

ఆదివాసీ మహిళ సంగతి నాకు పుస్తకం తెరవకుండానే తెలుసు. గడ్చిరోలి, భూపాలపల్లి, ఆసిఫాబాద్ అడవుల్లో ఏప్రిల్, మే నెలలంటే తునికాకు. మా ఇంటి వెనక పెద్దమ్మ కోడికూతకు ముందే లేస్తుంది. ఎండెక్కేలోపు ఆకు తెంపి మూటకట్టి తెస్తుంది. ఇంటికొచ్చి గంజి తాగి, చెట్టు నీడన కాళ్లు బార్లా చాపి కూర్చుంటుంది. ఒళ్లో ఆకు మీద ఆకు పడుతుంటుంది. లెక్క నోటితో పెట్టదు, బొటనవేలే పెడుతుంది. ఆకు మందం బట్టి కట్ట నిండిందని ఆ వేలికి తెలిసిపోతుంది. నార చుట్టి, పంటితో ముడి బిగించి పక్కకు విసురుతుంది. పొద్దుగూకే వేళకు కట్టలన్నీ కల్లానికి మోయాలి. అక్కడ కల్లేదారు వరసలుగా ఎండబెట్టించి, ఇది చిల్లులాకు, ఇది ముదురాకు అంటూ కొన్ని కట్టలను లెక్కలోంచి తోసేస్తాడు. తోసేసిన కట్టలను ఇంటికి పట్టుకుపొమ్మని అనడు. ఆ సంగతి వ్యాఖ్యాత గమనించాడు.

ఈ ఆకు మీద చట్టాలకేం తక్కువ లేదు. దీని వ్యాపారాన్ని మహారాష్ట్ర 1969లో, ఆంధ్రప్రదేశ్ 1971లో సర్కారు చేతికి తీసుకున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చాక గడ్చిరోలిలో గ్రామసభలే ఆకును వేలం వేసుకునే దాకా వచ్చింది. అన్ని దశల్లోనూ ఒక విచిత్రం చూశాను. నూరు కట్టలకు నాలుగు రూపాయలు పెంచమని పెద్దమ్మ అడిగిన ఏడు "ఆదివాసీ మహిళల జీవనోపాధి" అన్న సమాసం ఏ ప్రకటనలోనూ కనబడదు. ప్యాకెట్టు మీద బొమ్మ పెంచుతామనో పన్ను పెంచుతామనో ఢిల్లీలో ఎవరైనా అంటే చాలు, మరునాటి ఉదయమే ప్రత్యక్షమవుతుంది. బీడీలో పొగాకును తునికాకు చుట్టి ఉంచుతుంది. పై వ్యాపారానికీ అదే చుట్టు.

పెద్దమ్మకు మూలం చదివి వినిపించాను. సంస్కృతం తీసేసి చెప్పాను.

"నా పేరు జెప్పి ఎవలు అడుక్కుంటున్నరు కొడుకా?"

"బీడీలోల్లు, సిగరెట్లోల్లు. జర్దా అమ్మెటోల్లు గూడ."

"అడుక్కుంటె పెట్టిన్రా?"

"పెట్టిన్రు. శానసార్లు పెట్టిన్రు."

"మరి గండ్లకెల్లి నాకేమన్న ఇస్తరా?"

తాత్పర్యం స్పష్టం.

వయోజనుల ఎంపిక స్వేచ్ఛకు = స్వేచ్ఛ అన్న మాట పొగాకులోకి ఎలా వచ్చిందో చెబితే చాలు. 1929లో ఈస్టర్ నాడు న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో కొందరు యువతులు సిగరెట్లు ముట్టించి నడిచారు. స్వాతంత్ర్య దివిటీలని పత్రికలు రాశాయి. దివిటీలు పట్టించినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్, అతనికి జీతమిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. "వయోజనుల" అన్న విశేషణం ఎందుకంటే, బడికి నూరు గజాల లోపల అమ్మకూడదని చట్టం. మా దగ్గర ఆ నూరు గజాలు ఎవరి అడుగులతో కొలిచారో గానీ ఠేలా గోడ బడిగోడకు ఆనుకునే ఉంటుంది.

తగిన శాస్త్రీయ అధ్యయనం జరిగేవరకు = "తగిన" అన్నది నిత్యబహుదూరం. జరిగిన అధ్యయనం ఎప్పుడూ తగినది కాదు, తగినది ఎప్పుడూ జరగలేదు. ప్యాకెట్టు మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నియమం 2015 ఏప్రిల్ 1న మొదలుకావాలి. ఆ మార్చిలో దాన్ని పరిశీలిస్తున్న పార్లమెంటరీ సంఘం అధ్యక్షుడు, మా మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ ఎంపీ దిలీప్ గాంధీ ఆపమన్నారు. పొగాకుతో క్యాన్సర్ వస్తుందన్న అధ్యయనాలన్నీ విదేశాలవే, మన దేశంలో జరిగినది లేదు అన్నారు. అదే సంఘంలో సభ్యుడు, అలహాబాదు ఎంపీ శ్యామాచరణ్ గుప్తా. ఆయనదే బీడీల వ్యాపారం. గొలుసుగా తాగుతూ కూడా ఏ జబ్బూ లేనివాళ్లను చూపిస్తాననీ, పంచదారతో మధుమేహం వస్తోంది కదా, దాన్నేం చేస్తారనీ అడిగారు. కోళ్లగూడు మీద పరిశీలన సంఘానికి నక్కను సభ్యుడిగా వేస్తే అది కూడా పంచదార గురించే మాట్లాడుతుంది.

స్వదేశీ అధ్యయనం కావాలన్న పూర్వపక్షానికి సమాధానం: అహ్మద్‌నగర్ నుంచి బొంబాయి ఎంతో దూరం కాదు. ఆ బొంబాయిలోనే ఖనోల్కర్, సంఘ్వీ, రావు కలిసి పొగ తాగేవాళ్లకూ పొగాకు నమిలేవాళ్లకూ నోట్లో, గొంతులో వచ్చే క్యాన్సర్ మీద రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మన ఉత్తరాంధ్ర సంగతి అంతకంటే కళ్లకు కట్టినట్టుంటుంది. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిళ్ల గురించి వైద్య పత్రికల్లో దశాబ్దాలుగా వ్యాసాలు పడుతూనే ఉన్నాయి. అంగిలి స్వదేశీది, చుట్ట స్వదేశీది, నిప్పు కూడా స్వదేశీదే. ఇంకేం స్వదేశీ కావాలి?

అందరితో సంప్రదింపుల ద్వారా = సంప్రదింపులు జరిగితే ఏమవుతుందో పాఠాంతరాలు చూస్తే తెలుస్తుంది. ప్యాకెట్టు మీది బొమ్మకు 2006 నాటి ప్రతిలో పుర్రె, ఎముకలు అని పాఠం. పుర్రె కొందరి మనోభావాలను నొప్పిస్తుందన్నారు, 2007లో చట్టాన్నే సవరించి దాన్ని తీసేశారు. గడువు మీద గడువు జరిగి 2009 మే 31న అమల్లోకి వచ్చిన ప్రతిలో నమిలే పొగాకు పొట్లం మీద తేలు అని పాఠాంతరం, ముందువైపు 40 శాతం మేర. పుర్రె తేలైంది, ఎముకలు కొండెలయ్యాయి. ఆ రోజుల్లో ఇదే ఠేలా దగ్గర ఒకాయన "తేలు మార్కు ఇయ్యి" అని అడగడం నా చెవులతో విన్నాను. 85 శాతం విషయంలో పార్లమెంటరీ సంఘం 2016 మార్చిలో సగం చాలునని 50 శాతం పాఠాన్ని సమర్థించింది. సంఘం మాట పక్కనపెట్టి ఏప్రిల్ 1న 85 శాతమే అమలయింది. ఆ నెలలో పెద్ద సిగరెట్ కంపెనీలు అయోమయంగా ఉందంటూ కొన్నాళ్లు తయారీయే ఆపేశాయి. బొమ్మ పెద్దదైతే జనం మానరని, కనక అది దండగని వాదించినవాళ్లు దానికోసం ఫ్యాక్టరీ మూసుకోవడం వ్యాఖ్యాతకు అంతుబట్టని స్థలాల్లో ఒకటి. ఇక్కడ పాఠం చెడి ఉండవచ్చు.

సమతుల్య విధానం = త్రాసు అనుకోండి. ఒక పళ్లెంలో మనిషి, ఇంకో పళ్లెంలో ఖజానా. 2001లో చెక్ దేశంలో ఈ త్రాసు నిజంగానే ఎత్తారు. ఫిలిప్ మోరిస్ డబ్బిచ్చి ఆర్థర్ డి. లిటిల్ అనే సంస్థ చేత చేయించిన లెక్కలో, పొగతాగేవాళ్లు తొందరగా పోతారు గనక ప్రభుత్వానికి పింఛన్లూ ముసలితనపు వైద్యమూ మిగులుతాయని, దాన్ని లాభం పద్దులో వేశారు. బయటపడ్డాక క్షమాపణ చెప్పారు. లెక్క తప్పని కాదు, బయటికి పొక్కినందుకేమో. నేను మాత్రం ఆ లెక్కను తప్పుబట్టను. బాధ్యతగల పరిశ్రమ అన్నిటి కంటే నిజాయితీగా రాసిన కాగితం అదే. ఇక స్వదేశీ త్రాసు: 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి, తునికాకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. సిగరెట్టును 40లోకి నెట్టింది. బీడీ దగ్గేవాడు పేదవాడు గనక వాడి దగ్గుకు రాయితీ.

కోరడమైనది = కర్మణి ప్రయోగం తెలుగుకు అచ్చిరాదని బడిలో పంతులుగారు చెప్పేవారు. ఎంత అచ్చొచ్చిందో చూడండి. ఎవరు కోరారు? కోరడం జరిగింది. వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు. రైతులున్నారు, కూలీలున్నారు, ఆదివాసీ మహిళలున్నారు, వయోజనులున్నారు, శాస్త్రజ్ఞులున్నారు, ఆఖరికి "అందరూ" ఉన్నారు. ఒక్క కర్త లేడు. మూలంలో కర్త స్థానాన్ని సున్నం మింగిందని మొదట బాధపడ్డాను గానీ, మరక గోరుతో గీకి చూశాను. కింద అచ్చు లేదు. ఖాళీ కాగితమే.

అన్వయం. కర్త లేనందున అన్వయం కుదరలేదు.

మతాంతరం. ఈ జిల్లాలోనే వేరొక వ్యాఖ్యాన సంప్రదాయం ఉంది. 1993లో జిల్లా మొత్తానికి మద్యనిషేధం తెచ్చిన గడ్చిరోలి ఇది. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల సెర్చ్ సంస్థ పూనికతో మద్యం, పొగాకు మాన్పించే ముక్తిపథ్ కార్యక్రమం 2016లో మొదలయింది. ఊళ్లలో ఆడవాళ్లు కూర్చుని మా ఊళ్లో ఖర్రా అమ్మొద్దని తీర్మానం చేసుకుంటారు. ఆ తీర్మానాల శైలి సాహిత్యపరంగా చాలా పేలవం. ఒక సమాసం ఉండదు, ఒక అలంకారం ఉండదు. "మేము" అని మొదలై, కింద వేలిముద్రలతో ముగుస్తాయి.

ప్రతిని తిరిగి ఇచ్చేయడానికి ఠేలాకు వెళ్లాను.

"సదివినవా సారూ? ఏమున్నది అండ్ల?"

"మీ అసుంటోల్ల బతుకు గురించి రాసిన్రు."

"మంచిగ రాసిన్రా?"

"మంచిగనే రాసిన్రు."

కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి పీట కిందికి తోశాడు. పీట కుంటడం ఆగింది.

ఆశ్వాసాంత గద్య. ఇది శ్రీమత్ప్రాణహితాగోదావరీసంగమోపకంఠ సిరోంచాపుర వాస్తవ్య, పోకపలుకుల మర్దనధ్వని శ్రవణలబ్ధ పాండిత్యధురీణ, కల్లేదారు తోసిన కట్టల లెక్క నెఱుంగని వంశసంజాత, సహజ మితభాషిత్వరహిత (ఇచ్చట సున్నం మరక) నామధేయ ప్రణీతంబైన ఖర్రామర్దని యను వ్యాఖ్యానంబునందు సర్వంబును ఏకాశ్వాసము.